మధ్యలోంచి మీరు తప్పుకోండమ్మా

విజయవాడ నుంచి ఒకావిడ పెద్ద ఉత్తరం రాశారు. వాళ్ళాయనకి ఆటోనగర్లో స్పేర్ పార్ట్స్ షాపు, బాబు తొమ్మిది అయ్యి పదికి వచ్చాడు, పాప ఆరో తరగతి. ఏప్రిల్ 23న ప్రోగ్రెస్ రిపోర్ట్ ఇచ్చారు, బాబుకి లెక్కల్లో నూటికి 41. స్కూలు వాళ్ళేమో మే మొదటి వారం నుంచే టెన్త్ సిలబస్ మొదలుపెడతాం పంపండి అంటున్నారు, వాళ్ళాయన ఈ ఏడు హాస్టల్లో పడేద్దాం అంటున్నారు, పిల్లాడు కూడా "పడెయ్యండి, మీకూ పీడా వదిలిపోద్ది" అంటున్నాడు. హాస్టలా డే స్కాలరా, ఇంటర్లో ఏ గ్రూపో ఇప్పుడే అనుకోవాలా, సెలవుల్లో ఫోన్ రోజుకి ఎన్ని గంటలు ఇవ్వొచ్చు, ఇవీ ఆవిడ అడిగినవి.

అమ్మా, మీరు అడిగినవాటికి ముందు జవాబు చెప్పేస్తాను, అవి చిన్న సంగతులు. హాస్టల్ వద్దు. గ్రూపు సంగతి వచ్చే ఏడు టెన్త్ రిజల్ట్స్ వచ్చాక చూసుకోవచ్చు, ఎంపీసీ సీట్లు ఎక్కడికీ పోవు. జూన్ 12న బళ్ళు తెరుస్తారు, అప్పటిదాకా పిల్లలకి సెలవులే, ఈలోపు రమ్మంటే మా ఇంట్లో పని ఉందని చెప్పండి, నిజంగానే ఉంది, ఆ పనేంటో కింద చెప్తాను. ఫోన్ టైమ్‌టేబుల్ నేను ఇవ్వను. ఇంట్లో మాట్లాడే మనిషి లేని పిల్లాడి చేతిలో ఫోన్ లాక్కుంటే వాడు గోడ చూస్తూ కూర్చుంటాడు, అంతే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ ఉత్తరం మూడో పేజీలో, ఫీజులూ ర్యాంకులూ అయిపోయాక, ఒక లైను రాశారు. "రాత్రి తొమ్మిదిన్నరకి మావారి బండి సౌండ్ వినపడగానే వీడు కంచం పట్టుకుని గదిలోకి వెళ్ళిపోతాడండి, పెరుగన్నం అయినా కలుపుకోడు." ఈ లైను చదివాక నాకు మిగతా ఉత్తరం చదవబుద్ధి కాలేదు. మీరు మొత్తం దీని గురించే రాయాలమ్మా. సగం అన్నంలో లేచి కంచం పట్టుకుని వెళ్ళే పిల్లాడు ఇంట్లో ఉండగా ఎంపీసీయా సీఈసీయా అని ఎలా అడగాలనిపించింది మీకు?

ఏం జరిగిందో మీరే రాశారు, కాకపోతే తేలిగ్గా రాశారు. పేరెంట్స్ మీటింగులో టీచర్ మార్కులు చదువుతుంటే, వెనకాల క్యూలో పదిమంది తల్లిదండ్రులు నిలబడి ఉండగా, మీవారు "వీడికి కట్టిన ఫీజుతో గేదెని కొన్నా ఈపాటికి పాలిచ్చేది" అన్నారు. అందరూ నవ్వారు. టీచరు కూడా నవ్విందని రాశారు. పిల్లాడు షూ లేసు చూసుకుంటూ నిలబడ్డాడు. ఆ సాయంత్రం నుంచి క్లాస్ పిల్లల వాట్సాప్ గ్రూపులో వీడికి గేదె బొమ్మలు పెడుతున్నారని, ఈ సంగతి పాప మీకు చెప్పిందని, మీవారికి మాత్రం ఇప్పటికీ తెలియదని రాశారు. మరి ఎందుకు తెలియదు? ఆయనకి ఎందుకు చెప్పలేదు? "చెప్తే ఆయన బాధపడతారు" అంటారా. పడనివ్వండి! మూడు వారాల నుంచి మీ వాడు ఒక్కడే పడుతున్నాడు కదా.

నేను ఇరవయ్యేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను, 41 వచ్చిన పిల్లలు నాకు బాగా తెలుసు. వాళ్ళకి కావాల్సింది మే నెలలో టెన్త్ పాఠం కాదు. ఏడులోనో ఎనిమిదిలోనో ఎక్కడో బీజగణితం దగ్గర, భిన్నాల దగ్గర జారిపోయి ఉంటారు, పైకి చెప్పుకోలేక అప్పట్నుంచీ బోర్డు మీదది ఎక్కించుకుంటూ ఉంటారు. పొద్దున్న ఎండెక్కకముందు ఒక గంట ఎనిమిదో తరగతి పుస్తకం ముందేసుకుంటే జూన్‌కి సగం సర్దుకుంటుంది, పక్కింట్లో డిగ్రీ చదివే పిల్లాడెవడైనా చెప్పగలడు. కాబట్టి లెక్కలు భయపడాల్సిన సంగతి కాదు. ఆ గేదె మాటే సంగతి. పద్నాలుగేళ్ళ మగపిల్లాడు వీపు మీద నాలుగు దెబ్బలు తిన్నా మర్చిపోతాడేమో (కొట్టమని చెప్పట్లేదు, ఎప్పుడూ చెప్పను) కానీ క్లాసులో ఆడపిల్లల ముందు, వాళ్ళ అమ్మానాన్నల ముందు నవ్వులపాలయితే మర్చిపోలేడు. వాడికి ఇప్పుడు ఉన్న ఆస్తి ఆ పరువొక్కటే.

మీవారు చెడ్డవాళ్ళని నేను అనట్లేదు. తెల్లారి షాపు తీసి రాత్రి తొమ్మిదింటికి షట్టర్ దించే మనిషి, ఏడాదికి లక్షా పాతిక వేలు ఫీజు కడుతున్నారు, కడుపు మండి ఉంటుంది. పైగా మీరే రాశారు, ఆయన కూడా ఇంటర్లో లెక్కలు తప్పి, ఊరొదిలేసి, ఆటోనగర్లో ఒక షెడ్డులో హెల్పర్‌గా చేరి ఇంతవాడయ్యారని, ఇది పిల్లలకి తెలియదని. ఆయనకి వాడి మీద కోపం కాదమ్మా, భయం. తను తప్పిన చోటే కొడుకూ తప్పుతున్నాడని భయం. కానీ భయపడ్డవాడు భయపడ్డానని చెప్పాలి, గేదె అనకూడదు.

ఇక మీ సంగతి. కోపం తెచ్చుకోకండి, ఈ మూడు వారాలూ గొడవ చల్లారకపోవడానికి కారణం మీరు. మీరు ఏం చేశారో మీరే రాశారు, పైగా మంచి పని చేసినట్టు రాశారు. పిల్లాడి దగ్గరికెళ్ళి "మీ నాన్న లోపల్లోపల చాలా బాధపడుతున్నారు రా" అన్నారు. ఆయన దగ్గరికెళ్ళి "వాడు సారీ చెప్పమన్నాడండీ" అన్నారు. ఆయన అలా అనలేదు, వీడూ అనలేదు. ఇద్దరి తరఫునా మీరే మాట్లాడేశారు, మీరు కల్పించారని ఇద్దరికీ తెలుసు. కొత్త చెప్పులకి డబ్బులు కావాలంటే మీరే అడుగుతారు, "వాణ్ణి త్వరగా పడుకోమను" అంటే మీరే వెళ్ళి చెప్తారు, ఒకే హాల్లో నాలుగడుగుల దూరంలో ఉన్న తండ్రీ కొడుకుల మధ్య మీరు కొరియర్ చేస్తున్నారు. ఇలా అయితే వాళ్ళకి మాట్లాడుకోవాల్సిన అవసరం ఏముంది? పన్లన్నీ జరిగిపోతున్నాయి కదా. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళం దీన్ని సర్దుకుపోవడం అంటాం, సంసారం నెట్టుకొస్తున్నాం అనుకుంటాం, నేనూ చాలా ఏళ్ళు అలాగే చేశాను మా ఇంట్లో, మా మామగారికీ మావారికీ మధ్య. ఆ పెద్దాయన పోయేదాకా వాళ్ళిద్దరూ నేరుగా కూర్చుని మాట్లాడుకున్నది లేదు. తర్వాత మావారు "నాన్న నిజంగా ఆ మాట అన్నాడా, నువ్వు కలిపావా" అని నన్ను అడిగితే నా దగ్గర సమాధానం లేదు. అందుకే మీకు ఇంత గట్టిగా చెప్తున్నాను.

కాబట్టి మీరు మానెయ్యాల్సింది ఇలా మాటలు మోయడం. "అమ్మా, నాన్నని చెప్పులకి డబ్బులడుగు" అంటే "నువ్వే అడుగు నాన్నా" అనండి, అడక్కపోతే పాత చెప్పులే వేసుకుంటాడు. "వాడికి చెప్పు" అని మీవారంటే "పక్క గదిలోనే ఉన్నాడండీ" అనండి. రెండు రోజులు ఇల్లు బిగుసుకుపోతుంది, అన్నం దగ్గర ఎవరూ మాట్లాడరు, మీకు ఊపిరాడదు, ఓర్చుకోండి.

కానీ దానికి ముందు ఒక్క మాట మాత్రం మీరు మోయాలి, అది నిజమైన మాట కాబట్టి. ఇవాళ రాత్రే, పిల్లలు పడుకున్నాక, ఆ వాట్సాప్ గేదె బొమ్మల సంగతి మీవారికి చెప్పండి. పాపని ఇరికించకుండా చెప్పండి. దానికి ఉప్పూ కారం చల్లొద్దు, "చూశారా మీ వల్లే" అనొద్దు, జరిగింది జరిగినట్టు చెప్పి లేచి వెళ్ళిపోండి. ఆయన తండ్రి, ఆ మాట మిగతా పని తనే చేసుకుంటుంది.

తర్వాత సారీ ఎవరు చెప్పాలి? మీ అత్తగారు "మగపిల్లాడు, తండ్రి ఆ మాత్రం అనకూడదా, పెద్దవాడు వెళ్ళి చిన్నవాడికి సారీ చెప్పడమేంటి చోద్యం" అన్నారని రాశారు. ఆవిడ పెద్దావిడ, ఆవిడ మీద గౌరవం ఉంచుకునే చెప్తున్నాను, ఈ విషయంలో ఆవిడ మాట వినకండి. అన్నది తండ్రి, కాబట్టి ముందు నోరు తెరవాల్సింది తండ్రి. నేను చూసిన పిల్లల్లో, తండ్రి వచ్చి "తప్పుగా మాట్లాడాను రా" అన్నాక ఆ తండ్రి నెత్తినెక్కిన పిల్లాణ్ణి ఒక్కణ్ణి కూడా చూళ్ళేదు. పిల్లాడి బాధ్యత అసలు లేదని కాదు, తండ్రి వస్తే లేచి వెళ్ళిపోవడం తప్పే, అది వాడికి తెలియాలి, కానీ వాడి వంతు తర్వాత.

ఆ హాస్టల్ మాట కూడా ఇక్కడే చెప్తాను. "పడెయ్యండి, మీకూ పీడా వదిలిపోద్ది" అని వాడంటే మీరు దాన్ని ఒప్పుకోవడం కింద రాసుకున్నారు. అది ఒప్పుకోవడం కాదమ్మా. నేను మీకు బరువు అంటున్నాడు. పదో తరగతిలో పిల్లాణ్ణి చదువు కోసం హాస్టల్లో వేసే వాళ్ళున్నారు, అది వేరు, మీ ఇంట్లో అయితే రాత్రి తొమ్మిదిన్నరకి ఇబ్బంది లేకుండా ఉండటానికి వేస్తున్నారు, ఆ సంగతి వాడికి మీకంటే బాగా తెలుసు. ఇవాళే వాడి పక్కన కూర్చుని తిన్నగా అడగండి, "పీడా అన్నావు కదా, చచ్చిపోవాలని గానీ అనిపిస్తోందా నాన్నా" అని. ఇలా అడిగితే లేనిది పుట్టదు, భయపడకండి. అవునన్నా, ఏమీ అనకుండా తల దించుకున్నా, వాణ్ణి ఒంటరిగా వదలకండి, 14416కి ఫోన్ చెయ్యండి, టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపేది, ఉచితం, రాత్రయినా పగలైనా తెలుగులోనే మాట్లాడతారు, డాక్టర్ దగ్గరికి కూడా తీసుకెళ్ళండి. అలాంటిదేమీ లేదంటే కింద చెప్పేది చెయ్యండి.

మీ మామగారు నూజివీడు దగ్గర ఊళ్ళో ఒక్కరే ఉంటారని, నాలుగు మామిడి చెట్లున్నాయని, ఈ ఏడు ఆవకాయ కాయలు ఎవరితోనైనా పంపిస్తారని రాశారు. ఎవరితోనూ పంపొద్దని చెప్పండి. మీవారూ బాబూ వెళ్ళి తెచ్చుకోవాలి. మీరు వెళ్ళొద్దు, పాపని పంపొద్దు, అత్తగారిని కూడా ఆ రోజు కదలనివ్వొద్దు. ఇంట్లో పని ఉంది అన్నాను కదా, ఇదే. ఆదివారం షాపుకి సెలవేగా. రోహిణి కార్తె రాకముందు వెళ్ళొస్తే మంచిది, తర్వాత ఆ ఎండలో బండి మీద కష్టం. పొద్దున్నే అయిదున్నరకల్లా బయల్దేరితే ఎండెక్కకముందే చేరిపోతారు. బండి మీదే వెళ్ళమనండి, కారొద్దు, బస్సొద్దు. బండి మీద ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు, మాట్లాడాలంటే తేలిక, మాట్లాడకపోయినా ఎబ్బెట్టుగా ఉండదు, వెనక కూర్చున్నవాడు గోతులొచ్చినప్పుడైనా భుజం పట్టుకోవాలి. బండి మాత్రం పిల్లాడి చేతికివ్వొద్దు, పద్దెనిమిది నిండి లైసెన్స్ వచ్చాకే.

నూజివీడులో ట్రిపుల్ ఐటీ ఉంది, టెన్త్ మార్కుల మీదే అందులో సీట్లు ఇస్తారు. ఆ ఊసు ఆ రోజు ఎత్తొద్దని మీవారికి గట్టిగా చెప్పండి, "చూశావా, ఇక్కడ చదివేవాళ్ళు" అని మొదలుపెట్టారో వెళ్ళిన పనంతా బూడిదలో పోసినట్టే. వీలైతే తను ఇంటర్ తప్పిన సంగతి ఆ చెట్ల కింద వాడికి చెప్పమనండి, మీ మామగారి ఎదురుగానే చెప్పమనండి. చెప్పలేనంటే బలవంతం చెయ్యకండి, ఒక్క "ఆ రోజు అందరి ముందూ అలా అనకుండా ఉండాల్సింది రా" చాలు. కాయలు పీచున్నవీ పుల్లటివీ ఏరి, ఊళ్ళోనే టెంకతో సహా ముక్కలు కొట్టించి గోనెసంచిలో వేసుకుని రమ్మనండి, కొట్టేటప్పుడు ఒకళ్ళు అందించాలి, ఒకళ్ళు జీడి తీసెయ్యాలి, ఇద్దరికీ చేతినిండా పనుంటుంది.

మధ్యలో ఫోన్లు చెయ్యకండి. వాళ్ళు వచ్చేసరికి ముక్కలు తుడవడానికి పాత పంచె ఉతికి ఆరేసి ఉంచుకోండి, తుడవడానికి ఇద్దర్నీ కూర్చోబెట్టండి. దారిలో ఏం మాట్లాడుకున్నారని మాత్రం ఆయన్నీ అడక్కండి, వాణ్ణీ అడక్కండి.