కేలీ బ్యాండ్ మాట్లాడుకునే ముందు

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి జూన్‌లో, స్టిర్లింగ్ దగ్గర. అబ్బాయి వాళ్లు స్కాట్లండ్ వాళ్లే. రాత్రి భోజనాలయ్యాక కేలీ, అంటే బ్యాండ్ వాయిస్తుంటే అందరూ కలిసి చేసే స్కాట్లండ్ జానపద డాన్సులు, ఉండాల్సిందే అంటున్నారు, బ్యాండ్ చూసే పని మాకు అప్పజెప్పారు. వచ్చే 120 మందిలో సగం మందికి ఆ డాన్సులే తెలీదు. ముగ్గురి బ్యాండ్ చాలా, ఆరుగురు కావాలా? అసలు ఏమేం అడగాలి?
– ఒక పాఠకురాలు, గ్లాస్గో

జవాబు: పిల్లలిద్దరికీ నా ఆశీస్సులండీ. ఎంతమంది వాయిస్తారు అన్నది తర్వాత, ముందు కాలర్ ఎవరో కనుక్కోండి. మైకు పట్టుకుని అందర్నీ వరసల్లో నిలబెట్టి, మ్యూజిక్ లేకుండా ఒకసారి నడిపించి చూపించి, ఆ తర్వాత డాన్స్ నడుస్తున్నంతసేపూ ఇటు తిరగండి, చేతులు మార్చండి అని చెప్తూ ఉండే మనిషే కాలర్. కొన్ని బ్యాండ్లలో అకార్డియన్ వాయించే ఆయనే ఈ పని కూడా చేస్తాడు, కొన్నింటిలో విడిగా ఒకరొస్తారు. మీ పెళ్లికైతే విడిగా ఉండాలనే నేనంటాను, ఎందుకంటే రెండు చేతులూ అకార్డియన్ మీద ఉన్న మనిషి ఫ్లోర్ మీదకి దిగొచ్చి దారి తప్పిన పెద్దమ్మని చెయ్యిపట్టి తిప్పలేడు కదా. వాయింపు బాగుందని వీడియో చూసి ఓకే చెప్పేయకండి, కాలర్ మాట్లాడే వీడియో అడిగి మరీ చూడండి. అందులో కనిపించిన వాళ్లే మీ పెళ్లికి వస్తారా, వాళ్ల బదులు వేరేవాళ్లు వస్తారా అని కూడా అడగండి.

సైజు అంటారా, అకార్డియన్, ఫిడేల్, డ్రమ్స్ గట్టిగా ఉంటే 120 మందికి చాలు, నాలుగో మనిషి గిటారో కీబోర్డో అయితే సౌండ్ నిండుగా ఉంటుంది. ఆరుగురికి పెట్టే డబ్బు మంచి కాలర్ మీద పెట్టండి. రేటు మనుషుల్ని బట్టి, దూరాన్ని బట్టి మారుతుంది, వేసవి శనివారాలకి చాలా ముందే బుక్ అయిపోతారు కాబట్టి జూన్ అంటే ఇప్పుడే ఫోన్ చేయండి.

డాన్సుల వరస బ్యాండ్‌కే వదిలేయొచ్చు, కానీ మీ వాళ్ల సంగతి ముందే చెప్పాలి. మామూలుగా గే గోర్డన్స్‌తో మొదలెడతారు, జంట పక్కపక్కన నిలబడి నాలుగడుగులు ముందుకి, తిరిగి నాలుగడుగులు వెనక్కి, నడవగలిగిన ఎవరైనా చేసేయొచ్చు. నాకు మాత్రం డాషింగ్ వైట్ సార్జెంట్ అంటే ప్రాణం. ముగ్గురు ఒక వరస, ఎదురుగా ఇంకో ముగ్గురు, ఒక రౌండ్ అయ్యాక ఒక వరస చేతులెత్తితే రెండో వరస కిందనుంచి దూరి ముందుకెళ్లి కొత్త ముగ్గురికి ఎదురుపడుతుంది, అలా హాలంతా తిరిగేసరికి అంతవరకు ఒక్క మాట కూడా కలవని రెండు కుటుంబాల వాళ్లు చేతులు పట్టుకుని నవ్వుకుంటూ ఉంటారు. ముగ్గురు చొప్పున కాబట్టి జంట లేని వాళ్లు కూడా మిగిలిపోరు. ఇది తప్పకుండా పెట్టించండి, అదీ జనం అలిసిపోకముందే. ఎయిట్‌సమ్ రీల్ వద్దు, అది పొడుగు, తెలిసినవాళ్లకే గుర్తుండదు. స్ట్రిప్ ద విల్లో చివర్లో పెట్టండి, మోచేతులు పట్టుకుని స్పీడుగా గిరగిరా తిరిగేది కాబట్టి గాజులు, వాచీలు తీసేయమనండి, చీరలైతే కుచ్చిళ్లకి పిన్నులు గట్టిగా పెట్టుకోవాలి, హీల్స్ అసలొద్దు.

ఇక హాలు. 120 మంది కూర్చునే చోటు వేరు, 120 మంది తిరిగే చోటు వేరు. భోజనాల టేబుళ్లు ఎవరు తీస్తారు, ఎంతసేపట్లో తీస్తారు అని అడగండి, అది తేలకపోతే బ్యాండ్ వచ్చి ఖాళీగా నిలబడాల్సొస్తుంది. టెంటులో అయితే చెక్క ఫ్లోర్ వేయించాలి, గడ్డి మీద కాళ్లు మడతపడతాయి. సౌండ్ లిమిటర్ ఉందేమో కూడా చూడండి, కొన్ని హాళ్లలో సౌండ్ ఒక హద్దు దాటితే స్టేజి కరెంటే పోతుంది, డ్రమ్స్ ఉన్న బ్యాండ్‌కి ఈ సంగతి ముందే తెలియాలి. ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ఆఖరు, మధ్యలో ఎంత బ్రేక్, బ్రేక్‌లో పాటలు ఎవరు వేస్తారు, అడ్వాన్సు ఎంత, క్యాన్సిల్ అయితే ఏంటి, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. బ్యాండ్‌కి వేడి భోజనం పెట్టడం అక్కడి మర్యాద, మర్చిపోకండి.

ప్రశ్న: మా తమ్ముడి పెళ్లి మల్ ద్వీపంలో. బ్యాండ్ వాళ్లు ఫెర్రీ చార్జీలతో పాటు రాత్రికి రూములు కూడా అడుగుతున్నారు. ఇది న్యాయమేనా?
– ఒక పాఠకుడు, ఎడిన్‌బరా

జవాబు: న్యాయమే బాబూ. ఓబన్ నుంచి మల్‌లోని క్రెయిగ్‌న్యూర్ రేవుకి కాల్‌మాక్ కంపెనీ ఫెర్రీలో వ్యాను, స్పీకర్లు, డ్రమ్స్ అన్నీ ఎక్కించుకుని రావాలి, అర్ధరాత్రి దాకా వాయించాక వాళ్లకి తిరిగెళ్లే పడవ ఎక్కడుంటుంది చెప్పండి. గాలి ఎక్కువైతే సర్వీసులు ఆగిపోతాయి, అందుకే వీలైతే ముందురోజే రమ్మనండి, ఆ రూము ఖర్చు మీరే పెట్టుకున్నా పర్లేదు, పెళ్లిరోజు పొద్దున ఓబన్ రేవులో బ్యాండ్ ఇరుక్కుపోయిందన్న కబురు వినడంకంటే నయం. ఇంకా అడ్వాన్సు ఇవ్వకపోతే ద్వీపంలోనే ఉండే బ్యాండ్ ఎవరైనా ఉన్నారేమో హోటల్ వాళ్లని ఒకసారి అడగండి.

ప్రశ్న: కేలీ బ్యాండ్ పెట్టుకుంటే బ్యాగ్‌పైప్ కూడా వాళ్లే వాయిస్తారా?
– ఒక పాఠకురాలు, డండీ

జవాబు: చాలావరకు వాయించరమ్మా. ఆ పెద్ద హైలాండ్ పైప్‌కి సౌండ్ తగ్గించే వీలే లేదు, పైగా దాని శ్రుతి అకార్డియన్, ఫిడేళ్లతో ఊరికే కలవదు. పెళ్లికూతురు వచ్చేటప్పుడు, అతిథుల్ని భోజనాలకి పిలిచేటప్పుడు పైపర్ బాగుంటాడు, ఆయన్ని విడిగా మాట్లాడుకోవాలి. కొన్ని బ్యాండ్లలో పైప్స్ వాయించేవాళ్లూ ఉంటారు కాబట్టి బుక్ చేసేటప్పుడు ఒక మాట అడగండి, ఉంటే ఇంకో మనిషి ప్రయాణ ఖర్చు మీకు తగ్గుతుంది.