పక్కింటి అక్క తలుపు వేసుకుంది

ప్రశ్న: మాది తెనాలి. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. పక్కింటి అక్కావాళ్లతో పదిహేనేళ్ల స్నేహం. వాళ్లు హిందువులు, మేం క్రైస్తవులం. ఆరు నెలలుగా అక్కావాళ్లాయనకి డయాలసిస్ జరుగుతోంది. నాకు భారం ఆగక ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టరు గారిని, మరో ఇద్దరిని వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ముందు చెప్పలేదు. పాస్టరు గారు ఆయన తల మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన చేశారు. లేచేటప్పుడు "ఈ పటాలు తీసేసి యేసయ్యను నమ్ముకుంటే స్వస్థత వస్తుందమ్మా" అన్నారు. నేనూ "అవునక్కా" అన్నాను. మర్నాటి నుంచి అక్క నాతో మాట్లాడటం లేదు. పదో తరగతి చదివే వాళ్లమ్మాయి నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చేది, మాన్పించేసింది. నేనిచ్చిన కొత్త నిబంధన పుస్తకం ఆ పిల్ల బ్యాగులో దొరికిందట. సువార్త చెప్పడం తప్పా? చెప్పకపోతే వాళ్ల రక్తం మన మీదే ఉంటుందని మా సంఘంలో అంటారు. మావారేమో ఆ సంగతి ఇక వదిలెయ్యమంటున్నారు. వాళ్ల పులిహోర గిన్నె ఇంకా మా ఇంట్లోనే ఉంది. దాన్ని చూస్తే ఏడుపొస్తోంది.

– ఒక సోదరి

జవాబు: అమ్మా, సువార్త చెప్పడం తప్పు కాదు. నేనూ యేసు ప్రభువును నమ్ముకున్నదాన్నే, మీ భారం ఎలాంటిదో నాకు తెలుసు. కానీ ఆ ఆదివారం అక్కడ జరిగినదానికి సువార్త అని పేరు పెట్టలేకపోతున్నాను.

ఒక్కసారి ఆ గదిలోకి మళ్లీ వెళ్లి చూడండి. మంచం మీద ఆయన. వారానికి రెండు మూడు సార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగేసి గంటలు మిషను మీద పడుకుని వస్తున్న మనిషి. లేచి పక్క గదిలోకి వెళ్లే ఓపిక ఉండదు. ఇంటికొచ్చిన నలుగురిని పొమ్మనడం అక్కకి చేతకాదు. కుర్చీలు వేసి ఉంటుంది, మంచినీళ్లు ఇచ్చి ఉంటుంది. కాదనలేని ఇద్దరి ఎదుట నిలబడి మీరు షరతు పెట్టారు. పటాలు తీస్తే బాగవుతాడంటే, తియ్యకపోతే? ఆయన కోలుకోకపోతే ఆ పాపం భార్యదేనని ఆమెకి వినిపించింది. మొగుడి ప్రాణం తన గూట్లో ఉన్న వెంకటేశ్వరస్వామి పటానికి ముడిపెట్టిన మాట అది. ఆ మాట అన్నది పాస్టరు గారే అయినా, "అవునక్కా" అన్నది మీరు. ఆమెకి పాస్టరు గారు ఎవరో తెలియదు. మీరు తెలుసు.

నా సంగతి ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట మా తమ్ముడు ఐసీయూ నుంచి వార్డులోకి వచ్చిన రోజు, పక్క మంచం రోగి తాలూకు పెద్దావిడ వాడు నిద్రలో ఉండగా ముంజేతికి మొక్కుకున్న దారం కట్టింది. ప్రేమతోనే కట్టింది. అంతకుముందు రెండు రోజులు మాకు తన ఫ్లాస్కులోంచి కాఫీ పోసిన తల్లి. అయినా ఆ ముడి చూడగానే నాకు గొంతుకి ఏదో అడ్డం పడ్డట్టయింది. వాణ్ని ఎవరూ అడగలేదు. అడిగినా వద్దనే ఓపిక వాడికి లేదు. విప్పితే ఆవిడ బాధపడుతుంది, ఉంచితే మా అమ్మ బాధపడుతుంది. రెండు రోజులు ఆ దారం వంకే చూస్తూ కూర్చున్నాం. మీ ఉత్తరం చదివినప్పుడు నాకు ఆ చెయ్యే గుర్తొచ్చింది.

మన ప్రభువు రోగుల దగ్గర షరతు పెట్టలేదమ్మా. లూకా 17లో పదిమంది కుష్ఠురోగులు బాగుపడ్డారు. తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పినవాడు ఒక్కడే, వాడూ యూదులు పరాయివాడిగా చూసే సమరయుడు. ఆ తొమ్మండుగురు ఎక్కడని యేసు అడిగాడు గానీ, రాలేదని వాళ్ల స్వస్థతను వెనక్కి తీసుకోలేదు. ఇది నా ఒక్కదాని అభిప్రాయం కూడా కాదు. 2011లో ప్రపంచ చర్చిల మండలి, వాటికన్, ప్రపంచ ఇవాంజెలికల్ కూటమి ముగ్గురూ కలిసి, పలు మతాల మధ్య క్రైస్తవ సాక్ష్యం ఎలా ఉండాలో ఒక పత్రం రాసుకున్నారు. అన్ని విషయాల్లోనూ ఒక్కమాట మీదికి రాని వాళ్లు, దీని మీదికి వచ్చారు. ఎదుటివాళ్ల పేదరికాన్ని, అవసరాన్ని వాడుకోకూడదని, వేరే మతాల గురించి అబద్ధ సాక్ష్యం చెప్పకూడదని అందులో ఉంది. సాక్ష్యం చెప్పడం మన పని, మనసు మార్చడం పరిశుద్ధాత్మ పని అని కూడా ఉంది. ఆ రెండో పని మీ నెత్తిన వేసుకున్నారు కాబట్టే అంత తొందర వచ్చింది.

ఇక రక్తం మాట. అది యెహెజ్కేలు గ్రంథంలోది. దేవుడు ఆ ప్రవక్తను ఇశ్రాయేలీయులకు కావలివాడిగా పెట్టాడు. సొంత జనాన్ని, దేవుణ్ణి ఎరిగి తప్పిపోతున్నవాళ్లను హెచ్చరించమని ఇచ్చిన బాధ్యత అది. భర్తకి మందులు, నీళ్లు కొలిచి ఇస్తూ రాత్రిళ్లు మేలుకుంటున్న ఒక ఇల్లాలి మీద ఆ వాక్యాన్ని ఎక్కుపెట్టడం నాకు న్యాయంగా కనబడదు. ఊరూరా తిరిగి సువార్త చెప్పిన అపొస్తలుడు పౌలును చూడండి. ఏథెన్సు నిండా విగ్రహాలు చూసి ఆయన ఆత్మ తల్లడిల్లిందనే రాసి ఉంది. కానీ నోరు తెరిచినప్పుడు ముందు వాళ్ల దేవతాభక్తిని గుర్తించాడు, వాళ్ల కవుల మాటనే ఎత్తుకున్నాడు. ఎఫెసులో దాదాపు మూడేళ్లు ఉన్నాడు. అది అర్తెమిదేవి గుడి ఉన్న ఊరు. అక్కడ అల్లరి లేచినప్పుడు ఆ ఊరి కరణం జనాన్ని ఊరుకోబెట్టి ఏమన్నాడు? వీళ్లు గుడి దోచినవాళ్లు కారు, మన దేవతను దూషించనూ లేదు అన్నాడు. అపొస్తలుల కార్యములు 19లో ఉంది, ఈ పూట తీసి చదువుకోండి. మూడేళ్ల ప్రచారం తర్వాత, ఆ దేవతను కొలిచే ఊళ్లో అధికారి నోటి నుంచి వచ్చిన సర్టిఫికెట్ అది. మన గురించి మన వీధిలో ఎవరైనా అలా చెప్పగలరా అని నేను నన్ను చాలాసార్లు అడుగుకున్నాను.

యేసు పేరు మీ అక్కకి కొత్తా? మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎన్ని హిందూ కుటుంబాలు ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరునాళ్లకి వెళ్లి తలనీలాలిచ్చి, కొబ్బరికాయ కొట్టి వస్తాయో మీకు తెలుసు. ఆమె తలుపు వేసుకున్నది యేసు మీద కోపంతో కాకపోవచ్చు. మన సంఘాల్లో ఒక మాట అలవాటుగా దొర్లిపోతుంటుంది: "అన్యులు". బైబిల్లో ఉంది కదా అని మైకులో కూడా అంటాం, కిటికీ అవతల వాళ్లకి వినబడుతుంది. పదిహేనేళ్లు మీ పిల్లలకి జ్వరమొస్తే మిరియాల చారు పెట్టి పంపిన మనిషిని ఆ మాటతో పిలవకండి. ఇంట్లో ప్రార్థనలో కూడా. ప్రార్థనలో ఎలా పిలుస్తామో, గుమ్మంలో అలాగే చూస్తాం.

అమ్మాయి విషయంలో నేను కాస్త గట్టిగానే చెప్పాలి. తల్లికి తెలియకుండా మైనరు పిల్ల బ్యాగులో పుస్తకం పెట్టడం తప్పు. ఏ పుస్తకం అన్నది కాదు ప్రశ్న. మీ పిల్లకి ట్యూషన్ చెప్పే ఆవిడ మీకు చెప్పకుండా తన మత గ్రంథం ఇచ్చి, "అమ్మకి చూపించకు" అంటే మీరు ఏమనుకుంటారు? మీరు ఆ మాట అనకపోయినా, పిల్ల దాచిందంటే దాచాలని దానికి అర్థమైందనే కదా. పదో తరగతి ఏడాదిలో దానికి ఇంటి దగ్గర అబద్ధం ఆడాల్సిన అవసరం కల్పించాం. చట్టం సంగతి కూడా రెండు ముక్కలు. రాజ్యాంగం 25వ అధికరణం మన మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛ ఇచ్చింది. ప్రచారం అంటే మన విశ్వాసాన్ని చెప్పుకోవడం, ఎదుటివాణ్ణి మతం మార్చే హక్కు అందులో లేదని సుప్రీంకోర్టు 1977లో చెప్పింది. అయితే మీకు ఇప్పుడు కోర్టుతో పని లేదు. పని మీ పక్క గుమ్మంతో.

వెళ్లి క్షమాపణ అడగండి. డయాలసిస్ లేని రోజు చూసుకుని, ఒక్కరే వెళ్లండి. చేతిలో బైబిలు వద్దు. నేనైతే ఇలా అంటాను: "అక్కా, ఆ రోజు నిన్ను అడక్కుండా మనుషుల్ని తీసుకొచ్చాను. బావగారి ఆరోగ్యానికి, మీ దేవుడి పటాలకి ముడిపెట్టి మాట్లాడితే అవునన్నాను. నీకు చెప్పకుండా పాపకి పుస్తకం ఇచ్చాను. మూడూ తప్పే. నన్ను క్షమించు." అక్కడితో ఆపండి. "కానీ నా ఉద్దేశం" అని మొదలుపెట్టకండి. "కానీ" వచ్చిందంటే అంతకుముందు అన్నదంతా పోతుంది. ఏడవకుండా ఉండటానికి చూడండి, మీరు ఏడిస్తే ఆమె మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. మీ పాస్టరు గారికి కూడా ఈ సంగతి మీరే వివరంగా చెప్పండి. ఆయన్ని ఆ ఇంటికి తీసుకెళ్లింది మీరు కాబట్టి, చెప్పాల్సిందీ మీరే.

ఆమె క్షమిస్తే, ఆ తర్వాత ఏం చేసినా అడిగి చెయ్యండి. తిండి కూడా. రోగిని చూడటానికి వెళ్తే మనం కొబ్బరిబోండాలు పట్టుకెళ్తాం. డయాలసిస్ మీదున్న వాళ్లకి అది ప్రమాదం, అందులో పొటాషియం ఎక్కువ. అరటిపండూ అంతే. ఎంత ప్రేమతో ఇచ్చినా గుండె మీదికి వస్తుంది. "అక్కా, రేపు పొద్దున ఆసుపత్రికి మావారిని బండి మీద దింపమననా? నాలుగు గంటలు నేను కూర్చోనా, నువ్వు ఇంటికెళ్లి కాస్త నడుం వాల్చు" అని అడగండి. ఒప్పుకుంటే వెళ్లండి. ఆ కుర్చీలో కూర్చున్నందుకు ప్రతిఫలంగా ఆమె మన దేవుణ్ణి నమ్ముతుందేమోనని మనసులో లెక్క వెయ్యకండి. మనుషులకి ఆ లెక్క తెలిసిపోతుంది. ఆమె ఎప్పటికీ నమ్మకపోయినా వెళ్లగలిగితేనే వెళ్లండి.

అప్పుడు ఎప్పుడో ఒకసారి ఆమే అడగొచ్చు, "నువ్వు ఇంత కష్టంలో ఎలా నిబ్బరంగా ఉంటావే?" అని. యేసు శిష్యుడు పేతురు రాసింది సరిగ్గా ఆ సమయానికే. మీలో ఉన్న నిరీక్షణను గురించి "అడుగు ప్రతివానికిని సాత్వికముతోను భయముతోను" సమాధానం చెప్పమన్నాడు. అడిగినవాళ్లకి అన్నాడు చూడండి. అప్పుడు మీ కథ చెప్పండి. మీకు ప్రభువు ఏం చేశాడో, ఏ రాత్రి ఏ మాట మిమ్మల్ని నిలబెట్టిందో చెప్పండి. ఆమె దేవుడితో పోలిక తేకండి. చెప్పడం అయ్యాక ఆమెను అడగండి, తిరుమల మెట్లెక్కినప్పుడు తనకి ఏమనిపిస్తుందో. నిజంగా వినండి.

ప్రసాదం గురించి మీరు అడగలేదు, కానీ పులిహోర గిన్నె అన్నారు కాబట్టి చెబుతున్నా. తినాలా వద్దా అన్నదాని మీద విశ్వాసుల్లోనే రకరకాలుగా ఉన్నారు, పౌలు కూడా ఈ సంగతిలో మనస్సాక్షి మాటే ఎత్తాడు. తినలేకపోతే ఎదురుగా, నెమ్మదిగా, "అక్కా, నా నమ్మకం వల్ల ప్రసాదం తినను, నువ్వు చేసిన వంట ఏదైనా తింటాను" అని చెప్పండి. తీసుకుని లోపలికెళ్లి పనమ్మాయికి ఇచ్చెయ్యడం, చెత్తబుట్టలో వెయ్యడం మాత్రం వద్దు. ఆమెకి ఎప్పటికైనా తెలుస్తుంది.

క్షమాపణ అడిగినా ఆమె తలుపు తియ్యకపోవచ్చు. తీసి, సరేలే అని మళ్లీ వేసుకోవచ్చు. అలాంటప్పుడు రోజూ వెళ్లి తట్టకండి, వాళ్లవాళ్ల చేత చెప్పించకండి. ఎదురుపడితే నవ్వండి, ఆయన ఎలా ఉన్నారని అడగండి, అంతే. ట్యూషన్ గురించి మీరై ఎత్తకండి. పిల్లని పంపాలో వద్దో ఆ తల్లి ఇష్టం.

గిన్నె మాత్రం ఈ వారమే తీసుకెళ్లండి. మన ఇళ్లలో గిన్నె ఖాళీగా తిరిగివ్వరు కదా. ఆ పాపకి సున్నుండలు ఇష్టమైతే నాలుగు చేసి వెయ్యండి. అడుగున కాగితం ఏదీ పెట్టకండి.