రోమా తొమ్మిది తెరిచే ముందు

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు నామమున వందనాలు. దేవుని నిర్ణయం, మనిషి స్వచిత్తం అన్న అంశం మీద యూత్ మీటింగులో నాలుగు వారాలు బైబిల్ స్టడీ చేయమని పాస్టరుగారు నీకు అప్పగించారని రాశావు. మొదటి వారమే రోమా పత్రిక 9వ అధ్యాయం తీస్తానన్నావు. తీయకు. దాన్ని మూడో వారానికి ఉంచుకో.

మన పిల్లలు తలరాత, నుదుటి రాత, విధి అన్న మాటలు ఇంట్లోనూ వీధిలోనూ సినిమాల్లోనూ వింటూ పెరిగినవాళ్లు. "దేవుడు ముందుగా నిర్ణయించాడు" అనగానే వాళ్లకు తోచేది అదే. ఆ అర్థం మనసులో ఉండగా రోమా 9 చదివితే ఏశావు, ఫరో, కుమ్మరి చేతిలోని ముద్ద అన్నీ తలరాతకు రుజువులైపోతాయి. ఆ తర్వాత నువ్వెంత చెప్పినా ఎక్కదు. అందుకని మొదటి వారమంతా ఆ మాటకే పెట్టు. మనం "ముందుగా నిర్ణయించెను" అని చదివే గ్రీకు క్రియ కొత్త నిబంధనలో ఆరుసార్లే వస్తుంది: అపొస్తలుల కార్యములు 4:28, రోమా 8:29, 8:30, 1 కొరింథీ 2:7, ఎఫెసీ 1:5, 1:11. ఈ ఆరూ ఒక కాగితం మీద రాసి జిరాక్స్ తీయించు. ముగ్గురేసి చొప్పున కూర్చోబెట్టి ప్రతి వచనానికీ రెండే ప్రశ్నలు వేయి: నిర్ణయించింది ఎవరు, దేనికోసం? కుమారుని పోలికలోకి మారడం, పిల్లలుగా స్వీకరించబడడం, సిలువ, మహిమ అని వాళ్లే వెతికి చెబుతారు. ఎవరికి ఏ ఉద్యోగం వస్తుంది, ఎవరి పెళ్లి ఎప్పుడు అన్న సంగతి ఆ ఆరింటిలోనూ లేదని కూడా వాళ్లచేతే చెప్పించు. నువ్వు చెబితే వాదన అవుతుంది, వాళ్లు చూస్తే గుర్తుంటుంది.

రెండో వారం అపొస్తలుల కార్యములు 27. ఈ అంశానికి ఇంతకంటే మంచి పాఠం లేదని నా నమ్మకం. పౌలు ఖైదీగా వెళ్తున్న ఓడ తుఫానులో చిక్కుకుంది. ఓడలో 276 మంది ఉన్నారు. ఒక్కరి ప్రాణం కూడా పోదని దేవదూత పౌలుకు చెప్పాడు, పౌలు అందరికీ చెప్పాడు; అది 22 నుంచి 24 వచనాల్లో ఉంది. అక్కడ ఆగి అడుగు: "ఇంక వీళ్లు చేయవలసింది ఏమైనా ఉందా?" సగం మంది లేదంటారు. అప్పుడు 30, 31 చదివించు. లంగర్లు వేస్తున్నట్టు నటిస్తూ ఓడవాళ్లు పడవ దించి పారిపోబోతుంటే, వీళ్లు ఓడలో లేకపోతే మీరు బ్రతకలేరని అదే పౌలు శతాధిపతితో అన్నాడు. సైనికులు ఆ పడవ తాళ్లు కోసేశారు. తర్వాత అందరూ భోజనం చేశారు, గోధుమలు సముద్రంలో పారబోసి ఓడ తేలిక చేశారు, ఈత వచ్చినవాళ్లు ఈదారు, రానివాళ్లు పలకలు పట్టుకున్నారు. అందరూ ఒడ్డుకు చేరారు. ఫలితాన్ని నిర్ణయించిన దేవుడు దారిని కూడా నిర్ణయించాడనీ, ఆ దారిలో కోసిన తాడూ తిన్న రొట్టే నిజమైనవేననీ ఇక్కడ కళ్లకు కనబడుతుంది. "దేవుడు నిర్ణయించాక ప్రార్థన ఎందుకు, మందులు ఎందుకు, సువార్త ఎందుకు" అని ఎవరు అడిగినా వాళ్లను ఈ ఓడ దగ్గరికే తీసుకురా.

మూడో వారం రోమా 9, 10, 11 కలిపి తొంభై వచనాలు. మూడూ ఒకే కూర్చోవడంలో బిగ్గరగా చదివించు, నలుగురు పంచుకుంటే సులువు. సగం సమయం చదవడానికే పోయినా పరవాలేదు. చాలామంది 9:22లో నాశనానికి సిద్ధపడ్డ ఘటాల మాట దగ్గర ఆగి తగాదా పడతారు. కానీ ఆ అధ్యాయం ఇశ్రాయేలు కోసం పౌలు పడే దుఃఖంతో మొదలవుతుంది. 10:1లో అదే ఇశ్రాయేలు రక్షణ కోసం ప్రార్థిస్తాడు. 10:14లో ప్రకటించేవాడు లేకుండా ఎలా వింటారని అడుగుతాడు. ఫరో ప్రస్తావన వస్తే నిర్గమకాండము రెండు వైపులా చూపించు. 8:15లో, 8:32లో ఫరో తన హృదయాన్ని తానే కఠినం చేసుకున్నాడు. 9:12లో యెహోవా కఠినపరచాడు. అయితే 4:21లో దేవుడు ఆ సంగతి ముందే చెప్పి ఉన్నాడు. నీకు నచ్చిన వచనం చదివి మిగతాది దాచకు. పిల్లలు ఇంటికి వెళ్లి ఫోనులో వెతుక్కుంటారు, నీ మీద నమ్మకం పోతుంది.

నాలుగో వారం భేదాభిప్రాయాలు. ఇక్కడ రెండు అబద్ధాలు తిరుగుతున్నాయి. డచ్ బోధకుడు ఆర్మీనియస్ బాటలో నడిచే ఆర్మీనియన్లు, మనిషి తన్ను తానే రక్షించుకుంటాడంటారన్నది ఒకటి. అలా బోధించినది ఐదో శతాబ్దపు పెలాగియస్ పక్షం, దాన్ని 418లో కార్తేజు సభ ఖండించింది. కృప ముందు రాకపోతే మనిషి తిరగలేడని ఆర్మీనియస్ కూడా ఒప్పుకున్నాడు. ఆ కృపను మనిషి తోసిపుచ్చగలడా అన్నదే తగువు. 1610లో ఆయన అనుచరులు ఐదు అంశాలు రాశారు, 1618–19లో నెదర్లాండ్స్‌లోని డార్ట్ సభ కాల్వినిస్టుల పక్షాన వాటికి జవాబిచ్చింది. ఆ జవాబు గుర్తుండడానికి వాడే ట్యూలిప్ (TULIP) అన్న ఇంగ్లీషు అక్షరాల కూర్పు చాలా తర్వాతిది. రెండో అబద్ధం, సంస్కర్త కాల్విన్ బాటలో నడిచి రక్షణ పూర్తిగా దేవుని ఎంపికేననే కాల్వినిస్టులు మనిషిని తోలుబొమ్మ చేస్తారన్నది. వాళ్లు ఒప్పుకునే వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణం మూడో అధ్యాయం మొదటి పేరాలోనే దేవుడు పాపానికి కర్త కాడనీ, జీవుల చిత్తం మీద బలాత్కారం లేదనీ రాసి ఉంది.

రోమా 8:29లో "ముందు ఎరిగెను" అన్నచోట ఇద్దరూ విడిపోతారు. నమ్మేవాళ్ల విశ్వాసాన్ని ముందే చూశాడని ఆర్మీనియన్లు, ఆమోసు 3:2లో లాగా ముందే ప్రేమించి తనవారిగా ఎంచుకున్నాడని కాల్వినిస్టులు అంటారు. రెండూ బోర్డు మీద రాయి, రెంటికీ సమాన సమయం ఇవ్వు. 1947లో సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) ఏర్పడినప్పుడు, ఆర్మీనియన్ బోధకుడు వెస్లీ వారసులైన మెథడిస్టులూ కాల్విన్ బాటలోని ప్రెస్బిటేరియన్లూ ఒకే సంఘంలో కలిశారు. మీ యూత్‌లో బాప్టిస్టు, బ్రదరన్, పెంతెకొస్తు ఇళ్ల పిల్లలు కూడా ఉంటారు. వెస్లీ, ఆయన స్నేహితుడూ కాల్వినిస్టు ప్రసంగీకుడూ అయిన విట్‌ఫీల్డ్ ఈ విషయంలోనే అచ్చులో వాదించుకున్నారు. అయినా 1770లో విట్‌ఫీల్డ్ చనిపోయినప్పుడు లండన్‌లో సంస్మరణ ప్రసంగం చేసింది వెస్లీయే. ఆ సంగతి తప్పక చెప్పు.

మీటింగు అయ్యాక ఒక పిల్లో పిల్లాడో నీ దగ్గరికి ఒంటరిగా వచ్చి "నేను ఏర్పరచబడ్డానా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వాదన కోసం అడిగేది కాదు, భయపడి అడిగేది. దేవుని రహస్య సంకల్పం గురించి ఆ పూట మాట్లాడకు. యోహాను 6:37 తెరిచి, తన దగ్గరికి వచ్చేవాణ్ని ఆయన ఎంతమాత్రమూ తోసివేయనన్న రెండో సగం చదివించు. రావాలని ఉందా అని అడుగు. ఉందంటే అక్కడే కలిసి ప్రార్థించు. రాత్రిళ్లు నిద్రపట్టడం లేదంటే మాత్రం పాస్టరుగారికీ ఇంట్లో పెద్దవాళ్లకూ చెప్పి, డాక్టరుకు చూపించాలి.

ఈ నాలుగు వారాల్లో ఎవరింట్లోనైనా చావు జరిగితే అక్కడికి వెళ్లి "దేవుని నిర్ణయం" అనకు. పిల్లను పోగొట్టుకున్న తల్లికి ఆ మాట తలరాతలాగే వినిపిస్తుంది. యోహాను 11:35 దగ్గర యేసు ఏడ్చాడు. నువ్వూ వాళ్ల పక్కన కూర్చో, నీళ్లు అందించు. స్టడీ ఒక వారం వాయిదా వేస్తే ఏమీ కాదు.

నీ అన్న