శుక్రుడి మీద రోజు, ఏడాది కంటే పెద్దదా?

అవును, గ్రహం తన చుట్టూ తాను ఒకసారి తిరగడాన్నే రోజు అనుకుంటే, శుక్రుడి రోజు దాని ఏడాది కంటే పెద్దదే: ఆ ఒక్క చుట్టుకు మన లెక్కలో దాదాపు 243 రోజులు పడితే, సూర్యుడి చుట్టూ తిరిగి రావడానికి 225 రోజులే చాలు.

రోజు, ఏడాది రెండు వేర్వేరు కదలికలు. బొంగరం తన చుట్టూ తాను తిరుగుతూనే నేల మీద పెద్ద గుండ్రం కూడా గీస్తుంది కదా, గ్రహాలూ అంతే. సూర్యుడికి దగ్గరగా ఉంటే దారి చిన్నది, వేగం ఎక్కువ. అందుకే ఏడాది త్వరగా అయిపోతుంది. తన చుట్టూ తాను ఎంత వేగంగా తిరుగుతుందన్నది మాత్రం సూర్యుడి నుంచి దూరాన్ని బట్టి తేలిపోయే లెక్క కాదు.

గురుగ్రహాన్నే చూడండి. గ్రహాలన్నిటిలోకీ పెద్దది, అయినా దాని రోజు సుమారు 10 గంటలే. ఏడాదికి మాత్రం మన 12 ఏళ్లు దగ్గర దగ్గర పడుతుంది. అక్కడ రెండు పుట్టినరోజుల మధ్య మన పిల్లలు ఆరో తరగతికి వచ్చేస్తారు!

చాలామంది పొరబడేది ఎక్కడంటే, శుక్రుడి మీద ఒక సూర్యోదయం నుంచి మరో సూర్యోదయానికి కూడా 243 రోజులు పడుతుందనుకుంటారు. నిజానికి దాదాపు 117 రోజులే. శుక్రుడు సూర్యుడి చుట్టూ తిరిగే దిశకు ఎదురుదిశలో తన చుట్టూ తాను తిరుగుతాడు కాబట్టి సూర్యుడు ముందే మళ్లీ వస్తాడు, అదీ పడమటి నుంచి. దట్టమైన మేఘాల వల్ల నేల మీంచి ఆ సూర్యోదయం కనబడదనుకోండి, అది వేరే సంగతి.