విదేశీ పల్లెల్లో సెలవులకు రైలా, కారా?

అమ్మానాన్నలతో స్విట్జర్లాండ్, ఇటలీ పల్లెలు చూడడానికి రైలు మేలా, కారు మేలా అని అడిగారు. మన అరకు ప్రయాణం గుర్తు తెచ్చుకోండి. విశాఖలో కిరండూల్ రైలెక్కితే సొరంగాలు, లోయలు చూస్తూ హాయిగా వెళ్లిపోతాం. దిగాక చాపరాయికి మాత్రం బండి మాట్లాడుకోవాల్సిందే. అక్కడా చూసుకోవాల్సింది ఇదే: స్టేషన్ నుంచి మీరు వెళ్లాలనుకున్న ఊరికి ఏం దొరుకుతుంది?

స్విట్జర్లాండ్‌లో చాలాచోట్ల రైలు దిగగానే పసుపు రంగు పోస్ట్‌బస్సు సిద్ధంగా ఉంటుంది. స్విస్ ట్రావెల్ పాస్ తీసుకుంటే రైళ్లు, బస్సులే కాదు, సరస్సుల్లో పడవలు కూడా ఎక్కొచ్చు. వెంగెన్ అనే కొండమీది పల్లెకైతే కారు వెళ్లనే వెళ్లదు, లౌటర్‌బ్రునెన్‌లో ఆపి కొండరైలు ఎక్కాలి. పెద్దవాళ్లతో అక్కడ కారు వద్దనే చెబుతాను.

ఇటలీలోని టస్కనీ వేరు. సియెనా దాకా రైలుంది, పియెంజా, శాన్ జిమిన్యానో ఊళ్లలో స్టేషనే లేదు. అక్కడ తిరిగే మూడు నాలుగు రోజులకు కారు అద్దెకు తీసుకోండి. బయల్దేరేముందే ఆర్టీవో ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ చేయించుకోండి, ఏడాది చెల్లుతుంది. అసలు లైసెన్సూ వెంట ఉండాలి. ఆటోమేటిక్ కారే ముందుగా బుక్ చేయండి. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు. మొదటిరోజంతా నా ఎడమచెయ్యి గేరు కోసం తలుపును తడుముతూనే ఉంది. పాత ఊళ్ల ముందు జెడ్‌టీఎల్ (అనుమతి లేని బండ్లు రాకూడని ప్రాంతం) బోర్డు కనబడితే లోపలికి పోకండి. కెమెరా ఫొటో తీస్తుంది, జరిమానా మీరు విశాఖ చేరిన కొన్ని నెలలకైనా వస్తుంది.