పుకారు మీద కేసు నిలబడదు, మెసేజీ మీద నిలబడుతుంది

ప్రశ్న: మాది గుంటూరు పట్టాభిపురం. స్నేహితులతో కలిసి ఒక టీవీ సీరియల్ జంటకు ఫ్యాన్ పేజీ నడుపుతున్నాను. అదే సీరియల్లో ఇంకో నటి అభిమానులు టెలిగ్రామ్‌లో రహస్య గ్రూపు పెట్టి, మూకుమ్మడిగా మా మీద పడాలని ప్లాన్ వేశారని అందరూ అంటున్నారు. పదకొండు నెలల కిందట నా ఫొటోతో దొంగ ఖాతా తెరిచి అసహ్యంగా రాశారు. చంపుతామని నాకూ అమ్మకూ వాట్సాప్‌లో మెసేజీలు పెట్టారు. టెన్షన్ తట్టుకోలేక నా ఫోన్లో అన్నీ డిలీట్ చేశాను. కాలేజీ కూడా మానేశాను. వాళ్ల అడ్మిన్ పాస్‌వర్డ్ మా ఫ్రెండ్‌కి తెలుసు. లోపలికెళ్లి చాట్లు తీసి కేసు పెట్టొచ్చా?

జవాబు: ఆ పాస్‌వర్డ్ జోలికి వెళ్లకండి. ఇంకొకరి పాస్‌వర్డ్‌ను దురుద్దేశంతో వాడితే ఐటీ చట్టం 66సి కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఈరోజు బాధితురాలు మీరు, రేపు ముద్దాయి మీరే అవుతారు. పైగా ఆ చాట్లు మీరే తయారు చేశారని అవతలి వకీలు వాదిస్తాడు.

అసలు ఆ గ్రూపు సంగతి మీరు నిరూపించాల్సిన పని లేదు. 'అందరూ అంటున్నారు' అన్నది సాక్ష్యం కాదు. అభిమానులందరి పరువూ పోయిందన్నా కోర్టు వినదు, ఎందుకంటే ఎవరెవరో తేల్చలేని గుంపుకు పరువు నష్టం కేసు నడవదు. మీ కేసంతా ఒక్క చోట ఉంది: మీ ఫొటోతో తెరిచిన ఆ ఖాతా, మీకు వచ్చిన ఆ బెదిరింపు. అవి పెట్టింది ఎవరో తెలియకపోయినా గుర్తు తెలియని వ్యక్తుల మీద ఫిర్యాదు ఇవ్వొచ్చు. వెనకాల ఎంతమంది ఉన్నారో దర్యాప్తులో తేల్చాల్సింది పోలీసులు.

అలాంటిది, ఉన్న రుజువును మీ చేతులతో మీరే చెరిపేశారు. ఇంత నిర్లక్ష్యం ఏమిటమ్మా? బాధ నాకు అర్థమవుతుంది, కానీ చూడలేకపోతే ఫోన్ ఇంట్లో పెద్దవాళ్ల చేతికివ్వాలి గాని డిలీట్ నొక్కకూడదు. ఇక మిగిలింది మీ అమ్మగారి ఫోను. దాన్ని మార్చకండి, ఫార్మాట్ చేయకండి, వాట్సాప్ తీసేసి మళ్లీ వేయకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. ఆ మెసేజీలు ఆ ఫోన్‌లోవేనని భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అందులో ఒక భాగం ఫోన్ వాడేవారు, రెండోది నిపుణుడు ఇవ్వాలి. మీ ఫోన్‌ను కూడా అలాగే ఉంచండి, ఫోరెన్సిక్ ల్యాబ్‌లో కొంతైనా తిరిగి రావచ్చు.

గడువు చూద్దాం. చంపుతామన్న బెదిరింపుకు భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 351(3) కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది కాబట్టి కాలపరిమితి అడ్డు రాదు. దొంగ ఖాతా నేరానికి గడువు మూడేళ్లు. పరువు నష్టానికి డబ్బు అడుగుతూ సివిల్ దావా వేయాలంటే మాత్రం ఆ రాతలు బయటికొచ్చిన రోజు నుంచి ఒక్క ఏడాదే. మీకు ఇంకా నెల ఉంది. ఇంతకంటే ముంచుకొచ్చేది వేరే ఉంది. ఖాతా మూసేశాక నమోదు వివరాలను కంపెనీ 180 రోజులే ఉంచాలన్నది 2021 ఐటీ నిబంధన. ఆ దొంగ ఖాతా ఎప్పుడు మూసేశారో తెలియదు కాబట్టి ఒక్క రోజు కూడా ఆగకండి.

రేపే జాతీయ సైబర్ క్రైం పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఖాతా లింకు, బెదిరించిన నంబరు, తేదీ, సమయం రాయండి, ఏడుపు కథ రెండు వాక్యాలు చాలు. అదే కాగితం పట్టుకుని, అమ్మగారి ఫోన్‌తో స్టేషన్‌కు వెళ్లండి. ఖాతా వివరాలు భద్రపరచమని కంపెనీకి వెంటనే రాయాలని అందులోనే అడగండి. ఎఫ్ఐఆర్ రాయకపోతే భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 173(4) ప్రకారం గుంటూరు ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేయొచ్చు. పోస్టు రసీదు పారేయకండి, అక్కడ మొదట అడిగేది అదే.