కారు షెడ్డులో వడ్రంగం: నోటీసు కన్నా మీటరే పెద్ద చిక్కు

ప్రశ్న: మాది కడప, యర్రముక్కపల్లి. ఇల్లు మా నాన్న పేరు మీద ఉంది. చాలా ఏళ్లు ఫర్నిచర్ షాపులో పనిచేసి మానేశాను. రెండేళ్లుగా ఇంటి ముందున్న కారు షెడ్డులోనే మంచాలు, తలుపులు, టీవీ యూనిట్లు చేసి అమ్ముతున్నాను. 2 హెచ్‌పీ టేబుల్ రంపం, ప్లానర్, రౌటర్ ఉన్నాయి. ఒక పనివాడున్నాడు. సెలవుల్లో పదహారేళ్ల మా అక్క కొడుకు సాయం చేస్తాడు. ఉద్యం సర్టిఫికెట్ తీసుకున్నాను. శబ్దం, పొట్టు భరించలేకపోతున్నామని పక్కింటి రిటైర్డ్ మాస్టారు కార్పొరేషన్‌లో అర్జీ పెట్టారు. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని నోటీసు వచ్చింది. పోలీసు కేసు పెడతాను, కోర్టుకు పోతాను అని కూడా ఆయన అంటున్నారు. షెడ్డు మూసేయిస్తారా? ఇంకో మాట. తెలిసినాయన ఒకరు పాత ఇంటి దూలమంటూ ఎర్రచందనం మొద్దు తెచ్చి దేవుని మందిరం చేసిమ్మంటున్నారు. చేయొచ్చా?

జవాబు: చివరి ప్రశ్నకే ముందు చెబుతాను. ఆ మొద్దును మీ గేటు దాటి లోపలికి రానీయకండి. ఇప్పటికే తెచ్చి పెట్టి ఉంటే ఈ రోజే వెనక్కి తీసుకుపొమ్మని గట్టిగా చెప్పండి. మీ బండి మీద మాత్రం పంపకండి.

శేషాచలం, పాలకొండల పక్కన బతికే మనకు ఎర్రచందనం కేసు ఎలా ఉంటుందో కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా చాలామంది వడ్రంగులు అనుకునేదొకటుంది: 'చెట్టు నేను కొట్టలేదు, అమ్మలేదు, కూలికి చెక్కిస్తున్నానంతే కదా' అని. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం దగ్గర ఆ మాట నిలబడదు. అటవీ ఉత్పత్తి ఎవరి దగ్గర దొరికితే, అది సక్రమంగా వచ్చిందని చూపించుకోవాల్సింది వాళ్లే. ఎర్రచందనానికి 2016లో చేసిన సవరణతో శిక్షలు ఇంకా పెరిగాయి. అదే చట్టం 44వ సెక్షన్ కింద కలపతో పాటు పనిముట్లు, బండి కూడా జప్తు చేయొచ్చు. అంటే మందిరం చేయించుకునే ఆయన సంగతేమో గానీ, మీ రంపం, ప్లానర్ అటవీ శాఖ రేంజ్ ఆఫీసు వరండాలో పడి ఉంటాయి. పాత ఇంటి దూలమే నిజమైతే ఆయన ముందు రేంజ్ ఆఫీసుకు పోయి కాగితం తెచ్చుకోవాలి. ఆ కాగితం మీ చేతిలో పడేదాకా మీరు ఉలి పెట్టొద్దు.

టేకు, వేప, మామిడి చెక్కకు ఇంత భయం లేదు కానీ బిల్లు అలవాటు చేసుకోండి. సామిల్లు నుంచి సైజులు తెచ్చినప్పుడు జాతి, కొలతలు, తేదీ రాసిన బిల్లు తీసుకోండి. 'బిల్లు లేకుండా అయితే తక్కువకిస్తా' అంటే వద్దనండి. మిగిలిన ముక్కలు కూడా షెడ్డులోనే ఉంటాయి కాబట్టి పాత బిల్లులు పారేయకండి. పలకలు, ప్లైవుడ్ కోసుకునే చిన్న రంపం వేరు, దుంగలు చీల్చే బ్యాండ్ సా వేరు. రెండోది పెడితే మీరు సామిల్లు పెట్టినట్టే. అడవుల రక్షణకు సంబంధించిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తర్వులు మొదలైన 1996 నుంచి సామిల్లుల మీద అదుపు చాలా గట్టిది. అటవీ శాఖ లైసెన్సు లేకుండా ఆ ఆలోచనే పెట్టుకోవద్దు.

ఇక మీ అసలు ప్రశ్న. ఇంట్లో వడ్రంగం చేయకూడదని ఏ చట్టమూ అనదు. కానీ ఉద్యం సర్టిఫికెట్ ఉంది కాబట్టి అన్నీ ఉన్నట్టేనని మీరు అనుకుంటున్నారు. చిక్కు అక్కడుంది. ఉద్యం అంటే మీది సూక్ష్మ పరిశ్రమ అని కేంద్రం దగ్గర పేరు నమోదు కావడమే. ఆధార్‌తో ఉచితంగా, ఇంట్లో కూర్చుని తీసుకునే ఆ కాగితం ఎక్కడ, ఏ పని చేసుకోవచ్చో చెప్పే అనుమతి కాదు. బ్యాంకు లోనుకు పనికొస్తుంది. షాపువాడు మీ డబ్బు 45 రోజులు దాటినా ఇవ్వకపోతే వడ్డీతో సహా అడగడానికి ఇంకా బాగా పనికొస్తుంది. కార్పొరేషన్ నోటీసుకు మాత్రం జవాబు కాదు.

కార్పొరేషన్ అడిగేది ట్రేడ్ లైసెన్సు. మన నగరపాలక సంస్థలకు వర్తించే 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం 521వ సెక్షన్ కింద, చుట్టుపక్కల వాళ్లకు ప్రమాదమో ఇబ్బందో కలిగించే పనులకు కమిషనర్ లైసెన్సు కావాలి. ఆఫీసులో దీన్నే డీ అండ్ ఓ (డేంజరస్ అండ్ అఫెన్సివ్) లైసెన్సు అంటారు. నోటీసుకు జవాబివ్వకుండా ఊరుకోవడం అన్నిటికన్నా చెడ్డ పని. తెలిసిన కార్పొరేటర్‌తో ఫోన్ చేయించి సరిపెట్టుకోవడం దాని తర్వాతది, ఎందుకంటే ఫోన్‌కు రికార్డు ఉండదు. గడువు లోపలే రాతలో సంజాయిషీ ఇచ్చి, రెండో కాపీ మీద ఇన్‌వార్డ్ ముద్ర, తేదీ వేయించుకోండి. అందులో పొడుగు కథలొద్దు. ఏం చేస్తున్నారు, ఏ యంత్రాలున్నాయి, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా నడుపుతారు, పొట్టు, శబ్దం తగ్గించడానికి ఏం చేశారు, లైసెన్సుకు ఫలానా తేదీన దరఖాస్తు పెట్టుకున్నాను, విచారణకు పిలిస్తే వస్తాను. ఇంతే. మాస్టారి అర్జీ కాపీ కావాలని కూడా అందులోనే అడగండి. మీ మీద పెట్టిన ఫిర్యాదేంటో తెలుసుకునే హక్కు మీకుంది.

లైసెన్సు తప్పకుండా వస్తుందని మాత్రం చెప్పలేను. మాస్టర్ ప్లాన్‌లో మీ వీధి నివాస ప్రాంతంగా ఉంటే, మోటారు రంపం చూసి కాదనే అధికారం వాళ్లకుంది. పైగా ప్లాన్‌లో పార్కింగ్ అని చూపించిన చోటును వేరే పనికి వాడుతున్నారన్న మాట కూడా రావచ్చు. అందుకే నా దగ్గరికొచ్చే ఇలాంటి వాళ్లకు ఒకటే చెబుతాను: పెద్ద కోత బయట పెట్టుకోండి. ప్లైవుడ్ షాపులోనే షీటుకు ఇంతని తీసుకుని కొలత ప్రకారం కోసిస్తారు, సామిల్లులో సైజులు చీల్చిస్తారు. ఇంటి దగ్గర బిగింపు, చిత్రిక, పాలిష్ మిగులుతాయి. దాంతో గొడవలో ముప్పాతిక వంతు పోతుంది. కొప్పర్తి పారిశ్రామికవాడకు పొమ్మని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. ఇద్దరితో నడిచే షెడ్డుకు అది అయ్యే పనా? వాళ్లనే అడగాలి.

కాలుష్య నియంత్రణ మండలి సంగతి కూడా రెండు మాటల్లో. కేంద్ర మండలి 2016 వర్గీకరణలో కరెంటు యంత్రాలతో చేసే వడ్రంగం, కొయ్య ఫర్నిచర్ తయారీని తక్కువ కాలుష్యం ఉండే గ్రీన్ కేటగిరీలో పెట్టారు. అంటే అసలు వర్తించదని కాదు, తేలికగా ముగుస్తుందని. లైసెన్సు ఫైలు కదిలేటప్పుడే మండలి జిల్లా కార్యాలయంలో అడిగి ఆ దరఖాస్తూ పెట్టేయండి.

ఇప్పుడు మీరు అడగని ప్రశ్న. ఆ రంపానికి కరెంటు ఏ మీటరు నుంచి వస్తోంది? మీ నాన్నగారి పేరు మీదున్న ఇంటి మీటరు నుంచే అనుకుంటున్నాను. నోటీసు ఇచ్చిన కార్పొరేషన్‌ను చూసి మీరు టెన్షన్ పడుతున్నారు గానీ, నిజంగా జేబు ఖాళీ అయ్యేది ఇక్కడే.

ఇంటి సర్వీసు కేటగిరీ-1. దాంతో వ్యాపారం నడిపితే అది 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ ప్రకారం అనధికార వినియోగం. మీరు మీటరు తిప్పలేదు, బిల్లు నెలనెలా కట్టారు, నిజమే. దొంగతనమని నేనూ అనడం లేదు. ఇచ్చింది ఒకందుకు, వాడింది ఇంకొకందుకు కావడమే ఇక్కడ తప్పు. తనిఖీకి వచ్చినవాళ్లు రంపం, ప్లానర్ ఫొటో తీసుకుని, లోడు రాసుకుని వెళతారు. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలితే ఆ కాలమంతటికీ, తేలకపోతే వెనక్కి 12 నెలలకు లెక్క కడతారు, అదీ వర్తించే కేటగిరీ రేటుకు రెట్టింపు చొప్పున. నెలకు 300 యూనిట్లు అనుకుంటే ఏడాదికి 3,600 యూనిట్లు. మీ బిల్లు ముందు పెట్టుకుని మీరే వేసి చూడండి. లోడు సంగతి ఇంకొకటి. 2 హెచ్‌పీ మోటారు ఒక్కటే ఒకటిన్నర కిలోవాట్లు లాగుతుంది. దాని పక్కన ప్లానర్, లోపల ఫ్రిజ్, ఎండాకాలం కూలర్ తిరుగుతుంటే మంజూరైన లోడు ఎప్పుడో దాటిపోతుంది. మంజూరైన లోడుకు మించి వాడటం కూడా అనధికార వినియోగమేనని శ్రీ సీతారామ రైస్ మిల్లు కేసులో 2011లో సుప్రీంకోర్టు తేల్చింది.

అందుకని లైసెన్సు దాకా ఆగకుండా షెడ్డుకు వేరే సర్వీసు కోసం మన కరెంటు పంపిణీ సంస్థ ఎస్‌పీడీసీఎల్‌లో దరఖాస్తు పెట్టండి. ఇల్లు నాన్నగారిది కాబట్టి ఆయన సంతకంతో అభ్యంతరం లేదనే పత్రం, ఇంటి పన్ను రసీదు, ఉద్యం కాపీ జత చేయండి. మీది తయారీ పని, కాబట్టి పరిశ్రమల కేటగిరీ-3 కింద అడగండి. షాపు లెక్కన కేటగిరీ-2 ఇస్తామంటే, ఇక్కడ అమ్మకం కాదు తయారీ జరుగుతోందని కాగితం మీద రాసివ్వండి. షెడ్డుకు వైరింగ్ పూర్తిగా వేరు చేయించండి. ఇంటి లైను నుంచి ఒక్క ప్లగ్గు షెడ్డులో మిగిలినా తనిఖీలో అదే కనబడుతుంది. వేరే మీటరు వస్తే ఆ భాగానికి ఇంటి పన్ను కూడా నివాసేతర రేటుకు మారవచ్చు. దానికి సిద్ధపడండి.

ఈలోపే తనిఖీ జరిగి తాత్కాలిక అసెస్‌మెంట్, అంటే ఇంత కట్టాలని తొలి లెక్క వస్తే కంగారుపడి మొత్తం కట్టేయకండి. ముందు అదే అధికారికి అభ్యంతరాలు రాసివ్వండి. యంత్రం ఎప్పుడు కొన్నారో చూపించే బిల్లు ఉంటే అది అప్పుడే పనికొస్తుంది. తుది ఉత్తర్వు మీద 30 రోజుల్లో అప్పీలుంది, కాకపోతే వేసిన మొత్తంలో సగం ముందు కట్టాలి.

మాస్టారి దగ్గరికొద్దాం. పోలీసు కేసు మాటకు మీరు వణకాల్సింది లేదు. భారతీయ న్యాయ సంహితలో ప్రజలకు ఉపద్రవం కలిగించడం నేరమే, సాధారణంగా దానికి శిక్ష వెయ్యి రూపాయల దాకా జరిమానా. అయితే ఆయన ఆర్డీవో దగ్గరికి వెళితే అది వేరే దారి. నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద పని ఆపమని, లేదా ఫలానా విధంగా సర్దుకోమని షరతులతో ఉత్తర్వు ఇవ్వొచ్చు. దానికి హాజరై జవాబు చెప్పుకునే అవకాశం మీకుంటుంది.

సివిల్ కోర్టు దారే గట్టిది. ఇంట్లో పిండిమిల్లు నడిపిన వాళ్ల మీద ఇరుగుపొరుగు వేసిన రాధేశ్యామ్ కేసులో అలహాబాద్ హైకోర్టు 1978లో శాశ్వత ఇంజంక్షన్‌ను, అంటే ఆ పని చేయొద్దనే కోర్టు ఉత్తర్వును సమర్థించింది. 1982లో అదే కోర్టు ముందున్న రామ్‌రాజ్ సింగ్ కేసు ఇంకా మీ షెడ్డుకు దగ్గరగా ఉంటుంది. అక్కడ ఇటుకపొడి చేసే యంత్రం దుమ్ము పక్కనున్న డాక్టరు గదిలోకి వస్తోంది. ఇటుకపొడి బదులు రంపప్పొట్టు అనుకోండి. 'నా స్థలం, నా ఇష్టం' అన్న వాదన ఇలాంటి వాటిలో నిలవదు.

నివాస ప్రాంతంలో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. మీ రంపం దగ్గర నిలబడితే 90 దాటే ఉంటుంది. గోడ అవతల ఎంత అన్నదే కోర్టులో ప్రశ్న. ఉదయం 6 దాటగానే మొదలుపెట్టొచ్చు కదా అనే లెక్క వేయకండి. పది తర్వాత మొదలుపెట్టి, మధ్యాహ్నం భోజనాల వేళ ఆపి, సాయంత్రం ఆరుకు మిషన్లు కట్టేయండి. ఆదివారం రంపం వద్దు. మాస్టారి వైపు షెడ్డు పైభాగం తెరిచి ఉంటే మూయించి, రంపానికి పొట్టు లాగే డస్ట్ కలెక్టర్ పెట్టించండి. వాళ్ల మిద్దె మీద ఆరేసిన వడియాల మీద పొట్టు పడుతుంటే, ఆ ఇంటావిడ కోర్టులో చెప్పే ఒక్క మాట నా వాదన కన్నా బరువు తూగుతుంది. పాలిష్ స్ప్రే వీధి వైపు కొట్టకండి, థిన్నర్ డబ్బాలు షెడ్డులో నిల్వ పెట్టకండి. ఇంటికి ఇన్సూరెన్స్ ఉంటే, అందులో నివాసమనే రాసి ఉంటే, షెడ్డులో నిప్పంటుకున్న రోజు క్లెయిమ్ తిప్పికొడతారు. ముందే చెప్పి మార్పించుకోండి.

అక్క కొడుకు విషయం. 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను ప్రమాదకర పనుల్లో పెట్టకూడదు. మీ షెడ్డు ఆ జాబితాలోకి వస్తుందా రాదా అని నేను వాదించగలను, కానీ ఆ వాదన పిల్లవాడి వేలు తెగిన తర్వాత చేయాల్సి వస్తుంది. కొలతలు రాయనివ్వండి, సాండ్‌పేపర్ పట్టనివ్వండి, రంపం స్విచ్చు దగ్గరికి రానీయకండి. పనివాడికి దెబ్బ తగిలితే పరిహారం మీ మీదే ఉంటుంది, కూలి రోజువారీ ఇచ్చినా సరే.

జీఎస్టీ మీకిప్పుడే అవసరం ఉండదు. మన రాష్ట్రంలో సరుకు మాత్రమే అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రిపేర్ల వంటి కూలి పనులు కూడా కలిసి ఉంటే 20 లక్షలే హద్దు. బళ్లారికో బెంగళూరుకో మంచం చేసి అమ్మితే మాత్రం మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. చేతివృత్తుల వాళ్ల కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులకు పనిముట్ల కోసం 15 వేలు, 5 శాతం వడ్డీకి రుణం ఉన్నాయి. ఇంట్లో భార్యో భర్తో ప్రభుత్వోద్యోగంలో ఉంటే రాదు.

మాస్టారు కోర్టుకు పోతానని పదిమందిలో అంటున్నారు కాబట్టి ఒక్క పని ఆలస్యం లేకుండా చేయండి. కడప సివిల్ కోర్టులో సివిల్ ప్రొసీజర్ కోడ్ 148-ఏ కింద కేవియట్, అంటే నా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ముందే కోర్టుకు చెప్పుకునే దరఖాస్తు వేయించండి. మీకు తెలియకుండా తాత్కాలిక ఇంజంక్షన్ తెచ్చుకునే వీలు దాదాపు ఉండదు. కేవియట్ గడువు 90 రోజులే. అప్పటికీ దావా పడకపోతే మళ్లీ వేయాలి, ఆ తేదీ క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి.